పాత స్లాబుకి నీళ్ళు

వాన చుక్క చూసి నెలలు దాటింది. భిలాయిలో ఆ మే నెల ఎండకి రోడ్ల మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. అలాంటి రోజుల్లో మరోదాలోని ఆ ఇంటి వెనక గదిలో పైనుంచి నీళ్ళు కారుతున్నాయి.

పవర్ హౌస్ రైల్వే స్టేషన్లో టికెట్ కౌంటరు డ్యూటీ దిగి భాగ్యరేఖ ఇంటికొచ్చేసరికి, కూతురు మేఘన తన మంచాన్ని గోడవారకి లాగేసి, మంచం ఉన్న చోట పిండి కలిపే బేసిను పెట్టింది. చుక్క పడ్డప్పుడల్లా స్టీలు సన్నగా మోగుతోంది.

"మమ్మీ, ఫిర్ సే టపక్ రహా హై," అంది మేఘన. ఆ పిల్లకి తెలుగు బాగానే వచ్చు గాని కంగారుపడితే నోటికి హిందీయే వస్తుంది. "పొద్దున్న కారలేదు. కోచింగ్ నుంచి వచ్చేసరికి ఇలా ఉంది."

భాగ్యరేఖ తలెత్తి చూసింది. పొద్దున తను డ్యూటీకి వెళ్ళేటప్పుడు అరచేతంత ఉన్న చెమ్మ మరక చేటంత అయింది. అంచుల్లో సున్నం ఉబ్బి, ఎండుతున్న కురుపులా పొక్కులు లేచింది. పంపు కట్టేసింది. గోడల్లో పైపులేమైనా ఉన్నాయేమోనని చెవి ఆనించి విన్నది. గోడ వేడిగా ఉంది, నిశ్శబ్దంగా ఉంది. చుక్కలు మాత్రం సాయంత్రం దాకా ఆగలేదు.

కిందటి చలికాలంలోనే కొన్నారు ఆ ఇల్లు. ముందు గదులు తరవాత కట్టినవి, గట్టిగా ఉన్నాయి. వెనక గది మాత్రం పాతది. అమ్మినవాడు లక్ష్మీప్రసాద్, సెక్టర్ 7 కోటర్సులో ఉంటాడు, భిలాయి స్టీల్ ప్లాంటులో పని. "అమ్మ మా ఊరెళ్ళిపోయిందండి, ఇక రాదు. ఇల్లు ఖాళీగా పడుంది," అన్నాడు అప్పుడు. డాబా మీద కొత్త సిమెంటు పూత నున్నగా మెరుస్తుంటే, భాగ్యరేఖ భర్త సుభాష్ కాలితో రాసి చూసి సంతోషించాడు. ఆ పూత పగుళ్ళు కప్పడానికని అప్పుడు తోచలేదు.

సుభాష్ కూడా అదే ప్లాంటులో, పట్టాలు తయారుచేసే రైల్ మిల్లులో పని చేస్తాడు. ఆ సాయంత్రం బేసిను వంక చూసి, "వానలొచ్చేలోపు కెమికల్ పూత వేయిస్తే సరిపోద్ది," అన్నాడు. మనోజ్‌కుమార్ అనే కాంట్రాక్టరుకి ఫోను చేశాడు.

మనోజ్‌కుమార్ ఆదివారం పొద్దున్నే వచ్చాడు. వెంట బలరాం అనే కూలీని తెచ్చుకున్నాడు. పెరట్లోంచి డాబా మీదికి మెట్లున్నాయి, పెరటి గేటు వెనక సందులోకి తెరుచుకుంటుంది. ఎండలు ముదిరాక ఇంట్లో ఎవరూ పైకెక్కడం లేదు. బట్టలు కూడా ముందు వరండాలోనే ఆరేస్తున్నారు. ముందు మనోజ్‌కుమార్ ఎక్కాడు. ఎక్కినవాడు పైమెట్టు దగ్గరే ఆగిపోయి, వెనక్కి తిరిగి చూశాడు.

"తరాయీ కర్ రహే హో క్యా?" అన్నాడు.

భాగ్యరేఖ మిగతా మెట్లు గబగబా ఎక్కింది. డాబా అంతా మళ్ళు కట్టి ఉంది. ఎర్రమట్టితో బెత్తెడెత్తు గట్లు, సముద్రపు ఒడ్డున ఉప్పుమళ్ళలా వరసగా, తిన్నగా. ప్రతి మడిలోనూ నీళ్ళు నిలిచి ఉన్నాయి. గాలి లేదు. ప్రతి మడిలోనూ ఎండ తెల్లగా, కదలకుండా పడి ఉంది.

కొత్తగా పోసిన స్లాబు పగలకుండా గట్టిపడాలంటే అలా గట్లు కట్టి రోజూ నీళ్ళు పట్టాలి. దాన్నే అక్కడి కూలీలు తరాయీ అంటారు. "ఇది ఏనాటి స్లాబో మేడమ్. దీనికి తరాయీ ఏమిటి? మీకెవరు చెప్పారు?" అన్నాడు మనోజ్‌కుమార్ హిందీలో, నవ్వాలో వద్దో తెలియని ముఖంతో.

"మేం కట్టలేదు," అంది భాగ్యరేఖ.

సుభాష్ మూలనున్న నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళాడు. మూత తీసి చూశాడు. సగానికి పైగా ఖాళీ.

బలరాం చీపురు తీసుకుని గట్లు ఊడ్చడానికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయి, ఒక గట్టు పక్కన తన చెయ్యి ఆనించి చూశాడు. తడిమట్టి మీద వేళ్ళ అచ్చులు స్పష్టంగా ఉన్నాయి. అతని వేళ్ళలో సగమే ఉన్నాయి. "ఔరత్ కా హాథ్ హై," అన్నాడు నెమ్మదిగా, ఆడమనిషి చెయ్యేనని. ఆ తరవాత చీపురు పక్కన పెట్టేశాడు. గట్లు సుభాషే తుడిచాడు.

కిందికొచ్చి మనోజ్‌కుమార్ వెనక గది సీలింగుని సుత్తితో తట్టాడు. ఒక్కోచోట పగిలిన కుండలా పలికింది. నాలుగో దెబ్బకి పెచ్చు ఊడి నేల మీద పడింది, లోపల తుప్పు పట్టి పొరలు లేచిన ఇనుపకడ్డీ కనబడింది. అతను రెండు దారులు చెప్పాడు. పైన పూత వేసి కింద పెచ్చులు అతికితే ఈ వానలు గట్టెక్కవచ్చు, నీళ్ళు నిలవకుండా చూసుకోవాలి. లేదంటే గది మీది స్లాబు మొత్తం కొట్టేసి కొత్తది పొయ్యాలి.

"పూత వేసెయ్," అన్నాడు సుభాష్. "కొట్టడమంటే ఇల్లంతా దుమ్ము. పైగా వానలు నెత్తి మీదికొచ్చాయి."

భాగ్యరేఖ అతని మాట వినడం లేదు. వేళ్ళ అచ్చుల గురించే ఆలోచిస్తోంది.

మర్నాడు మళ్ళీ కారింది. ఆ మర్నాడూ అంతే. భాగ్యరేఖ డ్యూటీ నుంచి రాగానే బ్యాగు కూడా దించకుండా పెరట్లోకి వెళ్ళింది. మెట్ల మీద తడి పాదాల గుర్తులున్నాయి. సన్నటి పాదాలు, కిందికి దిగినవి. ఆమె చూస్తుండగానే మడమల దగ్గర్నుంచి ఆరిపోతూ, వేళ్ళ చుక్కలు మిగిలి, అవీ పోయాయి. మెట్లు వట్టివైపోయాయి. పరుగున గేటు దగ్గరికి వెళ్ళింది. తాళం వేసినట్టే ఉంది. సందులో ఎండ తప్ప ఎవరూ లేరు. పైన గట్లన్నీ మళ్ళీ లేచి ఉన్నాయి, మొదటిసారి కంటే తిన్నగా.

"పక్కింటి పిల్లల అల్లరి అయ్యుంటుంది," అన్నాడు సుభాష్, ఆ మాట తనకే నచ్చనట్టు.

"ఎండలో కూచుని పిల్లలు మట్టి గట్లు కడతారా? అదీ రోజూ?"

మేఘన ముందు గదిలోకి మారింది. వెనక గది తలుపు దగ్గరికేసి ఉంచారు. తలుపవతల బేసిను మోగుతుంటే ముగ్గురూ అన్నం తింటూ మధ్యలో ఆగి వినేవారు.

భాగ్యరేఖ వారపు సెలవు రోజున ఇంట్లోనే ఉంది. మేఘన కోచింగుకి, సుభాష్ జనరల్ షిఫ్టుకి వెళ్ళారు. వడగాలికి కిటికీలు మూసేసి, వెనక గదిలోనే నేల మీద కూచుని బెండకాయలు తరుగుతోంది. భయం వేస్తే లేచిపోవచ్చని తలుపు మాత్రం తీసి పెట్టుకుంది. వీధిలో మనిషి అలికిడి లేదు.

మధ్యాహ్నం కావస్తుండగా నెత్తి మీద చప్పుడైంది. తడిమట్టిని అరచేత్తో చరిచే చప్పుడు. చప్, చప్, చప్. కాస్త ఆగి, మరో చోట. భాగ్యరేఖ చేతిలో కత్తి ఆగిపోయింది. చప్పుడు ఆ గోడ నుంచి ఈ గోడకి తీరిగ్గా నడిచింది. తరవాత నీళ్ళు పోసిన శబ్దం. ఆ తరవాత గొంతు. ముసలి గొంతు, పసిపిల్లకి పాలు పట్టేటప్పటి గొంతు.

"తాగు, తాగు. తాగవే తల్లీ. ఇంకా తాగు."

భాగ్యరేఖ కత్తి పక్కన పెట్టి పైకి చూసింది. ఎదురుగా గోడ మీద మొదటి చుక్క జారింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, లేచి పెరట్లోకి నడిచి మెట్లెక్కింది.

డాబా మధ్యలో ఒక పెద్దావిడ కుచ్చెళ్ళు ఎగదోపుకుని, ముతక చీర కొంగు తల చుట్టూ బిగించి, గొంతుక్కూచుని గట్టు చరుస్తోంది. కళ్ళకి ఆపరేషను తరవాత ఇచ్చే నల్లద్దాలున్నాయి. అడుగుల చప్పుడికి ముఖం ఇటు తిప్పింది. బెదరలేదు.

"నువ్వేనేటి కిరాయికున్నదానివి?" అంది. "బాగుంది మీ వరస. కొత్త స్లాబు ఏత్తే, సెంబుడు నీళ్ళు పొయ్యడానికి సేతులు రానేదా మీకు? నానొచ్చి గట్లు కడితే తుడిసీసినారు. ఎవులు తుడిసినారు?"

భాగ్యరేఖ రెండడుగులు ముందుకి వేసింది. "మీరెవరు మామ్మగారూ?" అంది.

"ఎవులంటావేటి? ఈ ఇంటిదాన్ని. వరలక్ష్మమ్మని. లచ్చింపెసాదు తల్లిని. మీ కాడ కిరాయి ఎవులు తీసుకుంతన్నారు మరి?"

"లక్ష్మీప్రసాద్ గారు... మీకేం చెప్పారు?"

ముసలావిడ మట్టిచేతులు మడిలో కడుక్కుని లేచింది. మాట్లాడ్డానికి మనిషి దొరికినందుకు ముఖంలో కోపం కాస్త తగ్గింది. "పాతది కారిపోతందని కొట్టించీసి కొత్త స్లాబు ఏయించినాడు మావోడు. అంతవరకూ కోటరులో ఉండమని తీసుకుపోయినాడు. ఎప్పుడడిగినా 'ఇంకా ఆరనేదమ్మా, ఆరినాక ఎల్దువు' అంతాడు. ఆరబెడితే ఆరీదేటి స్లాబు? తాగి తాగి గట్టిపడాల. ఆడికి తెల్దు. ఆడు ప్లాంటులో కడ్డీలు కాసినోడు గాని ఇల్లు కట్టినోడు కాదు. ఈ ఇల్లు కట్టినప్పుడు నీళ్ళు మోసింది నాను." వంగి, కొత్త సిమెంటు పూతని అరచేత్తో నిమిరింది. "సూడు ఎంత నున్నగ సేయించినాడో. ఇలాటిది ఎండకి ఒగ్గీసినారు మీరు."

ఆవిడ మతి చెడినది కాదు. భాగ్యరేఖకి ఆ క్షణాన అర్థమైంది అదే, అన్నిటికంటే భయపెట్టిందీ అదే. ఆవిడ చెప్పేదాంట్లో ఒక్కటి తప్ప అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఆ ఒక్క తప్పూ ఆవిడది కాదు, కొడుకు చెప్పిన అబద్ధం.

"పొద్దుటేలైతే మావోడు, కోడలు డ్యూటీలకెల్లిపోతారు. ఆటో ఎక్కి ఒచ్చీసి, మళ్ళీ ఆళ్ళొచ్చేలోగా పోతన్నాను. నీకు తెలిసీ ఉంటాదనుకున్నాను, గేటు తాళం నా కాడుంది గదా." కొంగుకి కట్టిన తాళంచెవి చూపించింది. "కింద కాత్త నీరు కారతాది, కోప్పడకు. కొత్త స్లాబు అలగే ఉంటాది."

మజ్జిగ ఇస్తానంటే వద్దంది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగి, గేటు మూసి, తాళం రెండుసార్లు లాగి చూసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం భాగ్యరేఖ జరిగిందంతా చెప్పాక సుభాష్ పెరటి గేటు దాకా వెళ్ళి తాళం లాగి చూసి వచ్చాడు. "తాళం మార్చేస్తే అయిపోద్ది," అన్నాడు.

"ఆవిడకి చెప్పొద్దా?"

"చెప్పి? రోజూ వచ్చి గుమ్మంలో కూచుంటే? మనం దొంగతనం చెయ్యలేదు భాగ్యా. కొన్నాం."

అయినా లక్ష్మీప్రసాద్‌కి ఫోను చేశాడు. అతను మర్నాడు పొద్దున షిఫ్టుకి వెళ్తూ హెల్మెట్టు చేత్తో పట్టుకుని వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. పెరట్లో జామచెట్టు కిందే నిలబడ్డాడు.

"మీకు దణ్ణం పెడతాను, ఆవిడతో మాత్రం చెప్పొద్దు," అన్నాడు. "ఇల్లు అమ్ముదామని ఒకసారంటే రెండ్రోజులు అన్నం ముట్టలేదు. అమ్మకం కాయితాల మీద సంతకం స్లాబు కోసమని పెట్టించాను. వేరే దారి లేకపోయింది. కొన్నాళ్ళు నీళ్ళు పొయ్యనివ్వండి, ఆవిడే అలిసిపోయి మానేస్తది."

"కొన్నాళ్ళంటే? భాయ్‌సాబ్, ఆ నీళ్ళకి స్లాబు కూలేలా ఉంది. కింద మా పిల్ల చదువుకునే గది," అన్నాడు సుభాష్.

"అయితే తాళం మార్చెయ్యండి," అన్నాడు లక్ష్మీప్రసాద్. ముందురోజు తన భర్త అన్న మాటే అతని నోట వినేసరికి భాగ్యరేఖ భర్త వైపు తిరిగి చూసింది. సుభాష్ తల దించుకున్నాడు. మాట్లాడినంతసేపూ లక్ష్మీప్రసాద్ ఒక్కసారి కూడా డాబా వైపు చూడలేదు.

తాళం మార్చలేదు. ఎందుకు మార్చలేదో ఇద్దరూ అనుకోలేదు. ఆ మధ్యాహ్నమే వెనక గదిలో పెద్ద పెచ్చు ఊడి మేఘన కుర్చీ మీద పడింది. కుర్చీ వీపు విరిగింది. అప్పుడు గదిలో ఎవరూ లేరు. రాత్రి సుభాష్ విరిగిన కుర్చీ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "కొట్టించేద్దాం," అన్నాడు. పూత మాట మళ్ళీ ఎత్తలేదు.

కొట్టడం మొదలైన రోజున భాగ్యరేఖ సెలవు పెట్టింది. సమ్మెటలు దిగుతుంటే ఇల్లంతా అదిరింది. పెరడంతా బూడిదరంగు దుమ్ము. పైన ఆకాశం కనిపించేంత కన్నం పడ్డాక, గేటు తాళం తెరుచుకున్న చప్పుడైంది.

వరలక్ష్మమ్మ గేటు లోపల నిలబడింది. దుమ్ములో నల్లద్దాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఎవర్నీ ఏమీ అడగలేదు. మెల్లగా నడిచొచ్చి, కుప్పగా పడ్డ పెచ్చుల ముందు గొంతుక్కూచుంది. ఒక పెచ్చు తీసి ఒళ్ళో పెట్టుకుని విరిగిన వైపు వేళ్ళతో తడిమింది. లోపల రాళ్ళు గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. ఏటి రాళ్ళు. ఇప్పుడెవరూ వెయ్యరు, అంచులు కోసుకునే కంకరే వేస్తారు. తరవాత దాన్లోంచి పొడుచుకొచ్చిన కడ్డీ పట్టుకుంది. మెలికలు లేని, ఇల్లు కట్టిన నాటి పాతకాలపు కడ్డీ. తుప్పు పొరలు ఆవిడ వేళ్ళకి రాలి అంటుకుంటున్నాయి. వేళ్ళు కడ్డీ చివరిదాకా వెళ్ళి ఆగాయి. మళ్ళీ మొదటికొచ్చాయి. మళ్ళీ చివరిదాకా వెళ్ళి ఆగాయి.

భాగ్యరేఖ ఆ వేళ్ళనే చూస్తోంది.

ముసలావిడ పెచ్చుని జాగ్రత్తగా కుప్ప మీద పెట్టింది, గుడ్డు పెట్టినట్టు. "మావోడికి ఫోను సెయ్యి, పిల్లా," అంది. గొంతులో ఏ మార్పూ లేదు. "అర్జెంటుగా రమ్మను."

లక్ష్మీప్రసాద్ ప్లాంటు నుంచి డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. అప్పటిదాకా ఆవిడ జామచెట్టు నీడలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూచుంది. అతన్ని చూసి బలరాం సమ్మెట దించాడు.

"ఏట్రా లచ్చిం," అంది వరలక్ష్మమ్మ. "కొత్త స్లాబు కొట్టించెత్తన్నావేటి?"

లక్ష్మీప్రసాద్ సుభాష్ వైపు చూశాడు. భాగ్యరేఖ వైపు చూశాడు.

"కాంట్రాక్టరు సరిగ్గా వెయ్యలేదమ్మా. పగుళ్ళొచ్చాయి. మళ్ళీ వేయిస్తన్నాను."

సుభాష్ నోరు తెరవబోయాడు. భాగ్యరేఖ అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మళ్ళీ ఏయిత్తన్నావు," అంది తల్లి.

"ఆఁ."

"మంచిది. అలాగైతే ఈసారి నువ్వు దగ్గరుండి ఏయించు. పరాయోళ్ళకి ఒగ్గీకు." లేచి, కొడుకు చెయ్యి ఆసరా కోసం పట్టుకుంది. ఆ చేతి మీద తుప్పు మరక ఎర్రగా పడింది.

కొత్త స్లాబు పోసిన రోజు లక్ష్మీప్రసాద్ పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా సందులో కాంక్రీటు కలిపే మిల్లరు పక్కన నిలబడ్డాడు. మనోజ్‌కుమార్ మనుషులు తట్టలు అందుకుంటూ పైకి పంపిస్తుంటే, పక్కన కుర్చీలో వరలక్ష్మమ్మ. డబ్బు ఇచ్చేవాళ్ళు సుభాష్ వాళ్ళు, నిలబడేవాడు లక్ష్మీప్రసాద్. మనోజ్‌కుమార్ ఒకటి రెండుసార్లు యజమాని ఎవరని కళ్ళతోనే అడిగాడు.

మర్నాటి నుంచి లక్ష్మీప్రసాద్ రోజూ రావడం మొదలుపెట్టాడు. షిఫ్టుకి ముందో తరవాతో, వెంట తల్లి. ట్యాంకు నీళ్ళు చాలడం లేదని పెరటి కుళాయి దగ్గర బకెట్లు నింపి మెట్లెక్కేవాడు. ఒకసారి మేఘన తలుపు దగ్గర్నుంచి విన్నది, అతను నెమ్మదిగా అంటున్నాడు, "కిరాయికున్నోళ్ళు పోస్తారులే అమ్మా."

"కిరాయోళ్ళకేటి పట్టింది?" అంది ఆవిడ. "ఇల్లు మనది గదా."

అతను బకెట్టు ఎత్తుకున్నాడు.

ఆ వారం చివర్లో ఒక సాయంత్రం భాగ్యరేఖ టీ తీసుకుని డాబా మీదికి వెళ్ళింది. ఎండ తగ్గింది గాని స్లాబు మీంచి ఆవిరి లేస్తూనే ఉంది. మళ్ళలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. లక్ష్మీప్రసాద్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, అరచేతుల్లో బొబ్బలకి గుడ్డ చుట్టుకుని, ఖాళీ బకెట్లతో కిందికి దిగాడు. ఆమెని దాటి వెళ్ళేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. వారంలోనే అతని బుగ్గలు లోపలికి పోయాయి.

వరలక్ష్మమ్మ పిట్టగోడ మీద కూచుని ఉంది. టీ అందుకుని చప్పరించింది. కింద కుళాయి విప్పిన చప్పుడు, బకెట్టు అడుగున నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడుతున్నాయి.

"మామ్మగారూ," అంది భాగ్యరేఖ. ఎలా అడగాలో తెలియలేదు. "మీకు తెలుసు కదా."

"ఏటి తెలుసు?"

"ఆ రోజు కడ్డీ పట్టుకున్నారు. నేను చూశాను."

ముసలావిడ ముఖం ఆమె వైపు తిప్పింది. నల్లద్దాల్లో డాబా అంతా చిన్నదై, నీటి మళ్ళతో సహా కనబడుతోంది. వాటి వెనక కళ్ళు ఏమంటున్నాయో కనబడలేదు. భాగ్యరేఖ చేతులు కట్టుకుని నిలబడింది. ఇది కొడుకుని కాచుకోవడమో, శిక్షించడమో ఆమెకి పోల్చుకోవడం చేతకాలేదు. ఈ స్లాబు గట్టిపడ్డ రోజున ఆవిడ తన పెట్టె సర్దుకుని గేటు తెరుచుకుని ఈ ఇంట్లో ఉండటానికి వస్తుందో రాదో కూడా తెలియలేదు.

"ఆడు సెప్పనేదు గదా," అంది వరలక్ష్మమ్మ. "ఆడు నోటితోటి సెప్పీదాకా నాకేటీ తెల్దు, పిల్లా."

మెట్ల మీద బరువు అడుగులు వినిపించాయి. లక్ష్మీప్రసాద్ రెండు చేతులా నిండు బకెట్లతో పైకొచ్చాడు. ఒగరుస్తూ నిలబడి తల్లి ముఖంలోకి చూశాడు. నోరు తెరిచాడు. ఏదో అనబోతున్నాడని భాగ్యరేఖకి అనిపించింది.

ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, ఎదురుచూసింది.

అతను నోరు మూసుకున్నాడు.

"అటేపు మూల ఆరిపోతంది," అంది తల్లి మెత్తగా. "పొయ్యి."

అతను వెళ్ళి పోశాడు.